కొంగలు మరిగిన విమానాల మైదానం

విమానాశ్రయం కంచెను ఆనుకుని ఉన్న పల్లెలో ప్రమాదాలకు పేర్లున్నాయి. ఫలానా పిల్ల ఎప్పుడు పుట్టిందని అడిగితే "బురద విమానం అయిన ఏడాది" అంటారు. ఫలానా వాళ్ళ పెళ్ళి ఎప్పుడంటే "గేదె విమానం అయిన వేసంకాలం" అంటారు. మావారికి ఆ విమానాశ్రయంలో రేడియో ఆపరేటరుగా బదిలీ అయి, చంటిపిల్లతో క్వార్టర్సులో దిగిన కొత్తలో ఈ పేర్లన్నీ నాకు చెప్పింది మాణిక్యమ్మ. పొద్దున్నే పాలు పోయడానికి వచ్చేది. బొడ్లో కొడవలి, నెత్తిన పాలచెంబు, కంచె అవతలి వాళ్ళకు కూడా వినబడే గొంతు.

"చుక్క నీళ్ళు కలపనమ్మగారూ. కావాలంటే వేలు ముంచి చూసుకోండి."

"వేలు ముంచితే ఆ పాలు పాపకు పట్టగలనా మాణిక్యమ్మా?"

"అయ్యో, మీ చదువు మండా! పాలకి కూడా మైలంటారా?"

బురద విమానం ఒక వానాకాలంలో రన్‌వే దాటి వరిచేలోకి దిగబడింది. అందులో వచ్చిన వాళ్ళందరికీ పల్లెవాళ్ళే పప్పు, పచ్చడి వేసి అన్నం పెట్టారు. ఒకాయన చెప్పులు బురదలోనే పోతే వట్టి కాళ్ళతో బెజవాడ బస్సెక్కాడట. గేదె విమానం అంత నవ్వులాటగా జరగలేదు. పైలట్లకు శిక్షణ ఇచ్చే రెండు సీట్ల చిన్న విమానం దిగుతూ అడ్డొచ్చిన గేదెను గుద్దింది. గేదె అక్కడికక్కడే చచ్చిపోయింది. పైలట్‌కు కాలు విరిగింది. ప్రతి కథకూ నేను అడిగే ప్రశ్న ఒకటే, "ఎవరి ప్రాణానికైనా ఏమైనా అయిందా?" అని. లేదని చెప్పేదాకా నాకు కథ ఎక్కేది కాదు.

గేదె ఎవరిదో మాత్రం మాణిక్యమ్మ చాలా రోజులు చెప్పలేదు.

మాణిక్యమ్మ భర్త లాజరు కొండపల్లిలో కరెంటు ఫ్యాక్టరీ కడుతున్న చోట పనికి పోయి శనివారం ఇంటికి వచ్చేవాడు. మిగతా రోజుల్లో ఇంటి బరువు, రెండు గేదెల బరువు ఆమెదే. రన్‌వేకు అటూ ఇటూ ఉన్న గడ్డిని కోసుకోవడానికి ఆమెకూ, ఆమె వెంట వచ్చే ఆడవాళ్ళకూ ఆఫీసు వాళ్ళు అనుమతి ఇచ్చారు. గడ్డి పొట్టిగా ఉంటేనే రన్‌వే అంచు దీపాలు పైలట్లకు కనబడతాయి. అందుకని ఆఫీసుకూ లాభం, గేదెలకూ లాభం. పొద్దున పాలు పిండగానే వాళ్ళు గేట్లోంచి లోపలికి వచ్చి కోతకు దిగేవారు. విమానం వచ్చే ముందు సైరన్ మోగితే కొడవళ్ళు పట్టుకుని కంచె దగ్గరకు వెళ్ళి కూర్చునేవారు. దిగిపోయాక మళ్ళీ కోసేవారు.

వాళ్ళలో ఒక ఆచారం ఉండేది. గడ్డి కోస్తుంటే మిడతలు, కీచురాళ్ళు, చిన్న చిన్న కప్పలు ఎగిరిపడేవి. వాటిని పట్టి వెనకాల నడిచే తెల్లకొంగలకు విసిరేవారు. కొంగ వాలిన గడ్డిమోపు తింటే గేదెకు పాలు పొంగుతాయని వాళ్ళ నమ్మకం. మాణిక్యమ్మ అయితే వాటిని పేరు పెట్టి పిలిచినట్టే పిలిచేది. "రాండే, రాండే, ఆలస్యం చేస్తే తెరేసమ్మ తినేస్తది!" తెరేసమ్మ ఆమె ఆడబిడ్డ, పక్క వరసలో కోసేది. "నేనెందుకు తింటానే వదినా, నీ వంట తిని కూడా బతికినదాన్ని, మిడతలు నాకొక లెక్కా?" అనేది. వాళ్ళ నవ్వులు మా వరండాలోకి వినబడేవి.

ఆ శ్రావణమాసంలో వాన వెలిసిన ఒక ఉదయం సైరన్ మోగింది. ఆడవాళ్ళు కంచె దగ్గరకు వెళ్ళిపోయారు. కొంగలు వెళ్ళలేదు. కోసిన గడ్డి మీద, రన్‌వే అంచున తెల్లగా పరుచుకుని మేస్తున్నాయి. హైదరాబాదు నుంచి వచ్చే విమానం చక్రాలు నేలకు తాకే సమయంలో ఒక్కసారిగా అన్నీ లేచాయి. నేను పాపను చంకనెత్తుకుని వరండాలో నిలబడి ఉన్నాను. తెల్లటి మబ్బులో దూరినట్టు విమానం వాటిలోకి దూరింది. ఇంజను శబ్దం మారిపోయింది. విమానం ఒక పక్కకు లాగేసి, గడ్డిలోకి దిగి, ఒక చక్రం వంగి ఆగిపోయింది. ఎగిరిన ఈకలు చాలాసేపటి దాకా నేలకు దిగలేదు. పాప చెవి నా గుండెకు అదుముకుని నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

ఒక పెద్దావిడకు మణికట్టు విరిగింది. మిగతా వాళ్ళు నడిచి దిగారు.

గేటుకు తాళం పడింది. మూడోనాటికే పల్లెలో ఈ ప్రమాదానికి పేరు వెతకడం మొదలైంది. కొందరు "కొంగల విమానం" అన్నారు. మాణిక్యమ్మకు గిట్టని వాళ్ళు "మాణిక్యమ్మ విమానం" అన్నారు. ఆమె గేదెలు ఎండు వరిగడ్డి మీద బతకడం మొదలుపెట్టాయి. నాకు పోసే పాలు తగ్గాయి. పాప బరువు తగ్గుతుందేమోనని నాకు భయం. పటమటలో ఉన్న మా అమ్మకు ఉత్తరం రాస్తే, డబ్బా పాలు పంపిస్తానంది.

విచారణ ముగిశాక విమానాశ్రయం అధికారి వెంకటకృష్ణారావుగారు ఆడవాళ్ళను ఆఫీసు వరండాకు పిలిపించారు. మావారికి అన్నం కారియరు ఇవ్వడానికి వెళ్ళిన నేను కూడా అక్కడే ఉన్నాను. ఆయన మంచివారే, కాకపోతే మాట్లాడేటప్పుడు మనుషుల్ని కాకుండా రన్‌వేనే చూసేవారు.

"వానలకి పురుగు లేచింది. పురుక్కి కొంగలొచ్చాయి. దేవుడి పని, దానికి మీరేం చేస్తారు? సోమవారం నుంచి మళ్ళీ కోసుకోండి. గడ్డి పెరిగి దీపాలు కనబడ్డం లేదని పైలట్లు ఒకటే గొడవ."

ఆడవాళ్ళ ముఖాలు వెలిగాయి. తెరేసమ్మ చేతులు జోడించింది. మాణిక్యమ్మ కదల్లేదు.

"దేవుడి మీదకి నెట్టకండి బాబుగారూ. కొంగల్ని పిలిచింది మేమే."

"ఏమిటీ?"

"మిడతలు పట్టి ఏస్తామండీ. ఏళ్ళ తరబడి ఏస్తున్నాం. అవి పురుగు కోసం రాలేదు, మా కోసం వచ్చినయ్యి."

తెరేసమ్మ ఆమె చీర చెంగు పట్టి గుంజింది. "వదినా, నోరు మూస్తావా? తలుపు తీస్తానన్న మారాజుని పట్టుకుని..."

"మీ అమ్మ నోరు మూసుకుంది తెరేసా. ఏమయింది?"

తెరేసమ్మ చెంగు వదిలేసింది. అప్పుడు నాకు తెలిసింది, గేదె విమానం గేదె ఎవరిదో. మాణిక్యమ్మ అత్త, అంటే తెరేసమ్మ తల్లి సీతమ్మది; ఆ సంగతంతా మాణిక్యమ్మే అక్కడ అందరి ముందూ చెప్పింది. మేతకు తోలడానికి ఆమే కంచె తీగ వంచి సందు చేసింది. ప్రమాదం అయ్యాక భయపడి ఎవరికీ చెప్పలేదు. సందు అలాగే ఉండిపోయింది. మరుసటేడు అదే సందులోంచి ఒక దూడ లోపలికి దూరింది. దాన్ని తప్పించబోయి ఇంకో విమానం రెక్క విరిగింది. సీతమ్మ పోయేదాకా విమానం చప్పుడు వినబడితే చేతిలోది వదిలేసి గడపలోకి వచ్చి నిలబడేదట.

"ఆమె మాదిరి నేను బతకలేనండీ," అంది మాణిక్యమ్మ. "మళ్ళీ కోసుకోమంటున్నారు. కోస్తే అవి మళ్ళీ వస్తాయి. ఈసారి మణికట్టుతో పోద్దా?"

వెంకటకృష్ణారావుగారు మొదటిసారి ఆమె ముఖం చూశారు. తరవాత, "అయితే గేటు తియ్యను. గడ్డికి మిషను తెప్పిస్తాను," అన్నారు.

మెట్లు దిగుతూ తెరేసమ్మ ఏడుస్తూ అంది: "చచ్చిపోయిన మా అమ్మని పదిమందిలో నిలబెట్టావు. నీ గేదెలు ఎండిపోతే ఎండనీ. మా గేదెలేం చేశాయే?"

ఆ తరవాత ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. మిగతావాళ్ళు మాట్లాడినా అవి ఎత్తిపొడుపులే. బోరింగు దగ్గర ఎవరో, "అమ్మో, మాణిక్యమ్మ వస్తంది, నిజాలు చెప్పేస్తది, బిందెలు దాచుకోండే" అన్నారు. మిషను వచ్చింది. నల్లరేగడి బురదలో మొదటి రోజే దిగబడింది. దాన్ని బయటకు లాగడానికి పల్లె ఎడ్లే కావలసి వచ్చాయి.

గేటు మూసి ఉన్నా కొంగలు మాత్రం రోజూ వచ్చేవి. పొద్దున, ఆడవాళ్ళు లోపలికి వచ్చే వేళకు, గేటుకు ఇవతల వరసగా నిలబడేవి. రేషను షాపు తెరవక ముందు జనం నిలబడ్డట్టు. తలలు మాత్రం పల్లె వైపు. వెంకటకృష్ణారావుగారు రోజూ ఆఫీసు డాబా ఎక్కి వాటిని చూసేవారని మావారు చెప్పారు. సైరన్ మోగగానే ఒక జవాను పరిగెత్తుకు వెళ్ళి, డబ్బా వాయించి వాటిని తోలేవాడు.

మా పాపకు కొంగ కనబడితేగాని ముద్ద నోట్లోకి వెళ్ళేది కాదు. పొద్దున ఇబ్బంది లేదు. మధ్యాహ్నమే నాకు కష్టం. ఒకరోజు మాణిక్యమ్మ చెంబు అడుగున ఉన్న పాలు పోస్తుంటే ఆ మాటే అన్నాను.

"మధ్యాహ్నం ఒక్క కొంగ కూడా ఉండదు మాణిక్యమ్మా. దీనికి అన్నం పెట్టేసరికి నా ప్రాణం పోతోంది."

"ఒక్కటి కూడా ఉండదా?"

"కాలవ గట్టు అవతల చేలల్లోకి వెళ్ళిపోతాయి. పొద్దు వాలాక మన మీదుగా ఎగిరి తుమ్మచెట్ల మీదికి చేరతాయి. మధ్యలో దిగవు. నువ్వు అలవాటు చేసిన వేళ పొద్దునేగా."

ఆమె చెంబు కింద పెట్టి మెట్టు మీద కూలబడింది. "విమానం వచ్చి తిరిగి వెళ్ళిపోయేది ఎప్పుడండీ?"

"పదకొండు లోపలే. ఆ తరవాత మర్నాటి దాకా ఏమీ ఉండదు."

"మరి మేం పొద్దునే ఎందుకు కోస్తున్నట్టు?"

తల్లులు పొద్దున కోశారు, కూతుళ్ళు పొద్దున కోశారు. మంచుతడి ఉన్న గడ్డి గేదెకు ఇష్టమని ఒకరు, ఎండ తగలదని ఒకరు. అంతే.

ఆ మధ్యాహ్నమే ఆమె ఆఫీసుకు వెళ్ళింది. నన్ను కూడా తోడు రమ్మంది. పాపను ఎత్తుకుని వెళ్ళి, కొంగలు ఎప్పుడు ఎక్కడ ఉంటాయో నేను చూసింది చూసినట్టు చెప్పాను. వెంకటకృష్ణారావుగారు కిటికీలోంచి రన్‌వే వైపు చూశారు.

"మధ్యాహ్నం కోస్తే అవి మధ్యాహ్నానికే మరుగుతాయి. సరే, అప్పుడు విమానం లేదు. కానీ మర్నాడు పొద్దున రావని ఏమిటి నమ్మకం?"

"ఒక్క మిడత కూడా ఎయ్యం బాబుగారూ. నా బిడ్డల మీద ఒట్టు."

"కొంగలు కూడా ఒట్టేస్తాయా?"

అలా అంటూనే ఆయన జేబులోంచి గేటు తాళం తీశారు. విమానం వెళ్ళాకే కోత, మర్నాడు పొద్దున కొంగలు తగ్గకపోతే మళ్ళీ తాళం అన్నారు.

మొదటి రోజు మాణిక్యమ్మతో ముగ్గురే వచ్చారు. తెరేసమ్మ రాలేదు. ఎండకు వాళ్ళ రవికెలు తడిసిపోయాయి. పాతవాటిలో రెండు కొంగలు ఎలాగో పసిగట్టి వచ్చి వెనకాల నిలబడ్డాయి. మాణిక్యమ్మ కాలి దగ్గర పెద్ద మిడత ఎగిరింది. ఆమె చెయ్యి దాని మీదికి వెళ్ళి ఆగిపోయింది. "పొండే," అంది. అంత చిన్న గొంతు ఆమెది నేను ఎప్పుడూ వినలేదు.

మర్నాడు పొద్దున కొంగలు గేటు దగ్గర ఎప్పటిలాగే నిలబడ్డాయి. డబ్బా వాయించాల్సి వచ్చింది. వెంకటకృష్ణారావుగారు డాబా మీద నుంచే అరిచారు: "చూశావా మాణిక్యమ్మా!"

ఆమె కంచె అవతల నుంచి అంతకన్నా గట్టిగా అరిచింది: "మరిగిన కడుపండీ! నాలుగు రోజులు పస్తుంటే అవే వేరే చోటు చూసుకుంటాయి. నా కూతురికి పాలు మాన్పించలేదా? అదీ ఇట్టాగే ఏడ్చింది, చచ్చిపోయిందా?"

డాబా మీద నవ్వు వినబడింది. తాళం పడలేదు.

రోజులు గడుస్తున్న కొద్దీ వరస పలచబడింది. చుట్టూ చేలల్లో నాట్లకు దమ్ము చేస్తున్నారు. నాగలి వెనక తిండి దొరికినట్టుంది, తెల్లమచ్చలన్నీ అటు జరిగాయి. గడ్డి పొట్టిదై పురుగు తగ్గిన కొద్దీ పొద్దున పూట దిగే కొంగ కూడా అరుదైంది. పాపకు అన్నం పెట్టడానికి నేను కాకులతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఒక ఉదయం గేటు దగ్గర ఒకే ఒక్క కొంగ నిలబడి ఉంది. సైరన్ మోగకముందే అది రెండడుగులు నడిచి, కాస్త ఆగి, కాలవ వైపు ఎగిరిపోయింది. ఆ ప్రమాదం తరవాత విమానం దిగినప్పుడల్లా నేను పాప చెవులు మూసేదాన్ని, ఆ రోజు మరచిపోయాను. పాప చప్పట్లు కొట్టింది.

వెంకటకృష్ణారావుగారు ఆ మధ్యాహ్నం తానే గేటు దగ్గరకు వచ్చి, "ఇక రోజూ ఈ వేళకే. మళ్ళీ నన్ను అడగక్కర్లేదు," అన్నారు. ఆడవాళ్ళంతా లోపలికి నడిచారు. చిట్టచివర తెరేసమ్మ. ఎవరితోనూ మాట్లాడకుండా దూరంగా ఒక వరస పట్టుకుంది.

కోత అయ్యేసరికి ఎండ చల్లబడింది. పచ్చిగడ్డి మోపు ఎవరి మోపు వాళ్ళు నెత్తికి ఎత్తుకోలేరు, రెండో మనిషి చెయ్యి వెయ్యాల్సిందే. మాణిక్యమ్మ అందరికీ ఎత్తిపెట్టి పంపింది. చివరకు తన మోపు ఒకటి, తెరేసమ్మ మోపు ఒకటి మిగిలాయి. ఇద్దరూ చెరొక మోపు దగ్గర నిలబడ్డారు.

"మా అమ్మ పేరు ఎత్తావు," అంది తెరేసమ్మ.

"ఎత్తాను. నాకు ఇంకో దారి కనబళ్ళేదే. ఆమె భయం నాకు తెలుసు, అదే భయం నాకూ పట్టుకుంది."

తెరేసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని మాణిక్యమ్మ మోపు వైపు వంగింది. "ఎందుకే ఇంత కోశావు? నీ గేదెలా, ఏనుగులా? పట్టు, పట్టు."

మోపు మాణిక్యమ్మ నెత్తికెక్కింది.

"ఇప్పుడు నాదెవరు ఎత్తుతారే వదినా? నీ నెత్తి నిండిపోయింది."

మాణిక్యమ్మ ఒక చేత్తో తన మోపు పట్టుకుని, మోకాళ్ళు వంచి, రెండో చెయ్యి తెరేసమ్మ మోపు కిందికి చాపింది.