సరోజమ్మ సిస్టర్ చెప్పిన పేరు

ఈ ఉదయం కొత్త సాక్సు పాకెట్టు చించగానే రబ్బరు వాసన గుప్పుమంది. మోకాలి దాకా కాలిని బిగించి పట్టే సాక్సు అది. మంచం దిగకముందే తొడుక్కోవాలి. ఎండాకాలంలో లోపల చర్మం ఉడికిపోతుంది. అయినా మానను. ఆ అలవాటు నేర్పింది సరోజమ్మ సిస్టర్.

నేను కంబదూరు పక్కన ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచర్ని. రెండో కాన్పు తర్వాత నా ఎడమ కాలి లోపలి నరంలో రక్తం గడ్డకట్టింది. మందులతో ప్రాణం దక్కింది కానీ, రక్తాన్ని పైకి పంపే కవాటాలు పాడైపోయాయన్నారు. సాయంత్రానికి కాలు రాయిలా బరువెక్కేది. మూడేళ్లకు చీలమండ పైన చర్మం నల్లబడి పుండు పడింది. ఊళ్లో తలా ఒక ఆకు చెప్పారు, అన్నీ నూరి కట్టాను. పుండు అరచేయంత అయింది. వాసనకు పిల్లలు నా పక్కన కూర్చోవడం మానేశారు. అప్పుడు గానీ అనంతపురం పెద్దాసుపత్రికి పోలేదు.

అక్కడ కట్లు కట్టే గదిలో ఉండేది సరోజమ్మ. యాభై దాటిన మనిషి, బక్కపలచన. ముందు పాదాల మీద వేళ్లు పెట్టి నాడి చూసింది. పుండు కడిగి, వేళ్ల దగ్గర మొదలుపెట్టి మోకాలి దాకా పొరలు పొరలుగా కట్టు చుట్టింది.

“ఇది పైన మందు పూస్తే మానేది కాదమ్మా. రక్తం కిందనే నిలబడిపోతాండాది. ఈ కట్టు దాన్ని పైకి తోస్తాది. నువ్వు నడిస్తే నీ పిక్క తోస్తాది. కూసున్నప్పుడు కాలు ఎత్తి పెట్టుకో.”

“ఎన్నాళ్లకు మానుతాది సిస్టర్?”

“నెలలు పడతాది. ప్రతి వారం రావల్ల.”

నాలుగు వారాలు పోయాను. తర్వాత వేడికి, దురదకు తట్టుకోలేక ఇంట్లో నేనే కట్టు విప్పేశాను. రెండు వారాలు అటు పోలేదు. కాలు వాచి, మానుతున్న పుండు మళ్లీ నోరు తెరిచింది. తిట్లకు సిద్ధపడి వెళ్లాను. ఆమె ఏమీ అనలేదు. కడిగి, వేళ్ల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టింది. సగం చుట్టాక, తల ఎత్తకుండానే మాట్లాడింది.

“నేను కొత్తగా పనిలో చేరినప్పుడు, వేరే ఊర్లో, ఒక బాలింత వచ్చినాది. ఒక కాలే వాసింది అనె. కాన్పైనాక వాస్తాయిలే అని ఇంటికి పంపిస్తి. చీర ఎత్తి చూడను గూడా లేదు. మూడో దినం ఊపిరాడక చచ్చిపోయినాది. గడ్డ పోయి ఊపిరితిత్తుల్లో తగులుకున్యాదంట.”

ఆమె కట్టు ఇంకో చుట్టు తిప్పింది.

“నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అందుకే నన్ను నేను అనుకుంటానే ఉండా. నీకు అదే గడ్డ వచ్చి బతికినావు. ఆ కాలును ఇట్ల పారేసుకోవద్దు.”

తర్వాత ఒక్క వారం కూడా తప్పలేదు. ఐదు నెలలకు పుండు మానింది. మళ్లీ పడకుండా రోజూ బిగుతు సాక్సు తొడుక్కోమంది సిస్టర్. పిల్లలు మళ్లీ నా ఒళ్లోకి వచ్చారు.

ఆమె రిటైరై గుంతకల్లులో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయిన ఏడాది, మా కేంద్రానికి గుడ్ల కోసం శిరీష అనే బాలింత వచ్చింది. ఎడమ కాలు ఈడుస్తోంది. పిక్క ఎర్రగా, వేడిగా, కుడిదానికంటే బాగా లావుగా ఉంది.

“కాన్పైనాక వాయదా ఏమి?” అంది వెంట వచ్చిన వాళ్ల అత్త.

“రెండు కాళ్లూ ఒకే తీరుగా లేవు పెద్దమ్మా. ఇప్పుడే పోవల్ల” అన్నాను. ఆటో పిలిచి నేనే వెంట వెళ్లాను. స్కానులో గడ్డ కనబడింది. ఆ రోజే మందులు మొదలుపెట్టారు. రెండు వారాలకు ఆ పిల్ల బిడ్డనెత్తుకుని నడిచి వచ్చింది.

సరోజమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

“పేరేమి ఆ పిల్లది?” అంది.

“శిరీష.”

“ఆ పిల్ల పేరు ఓబుళమ్మ” అంది. తను ఇంటికి పంపేసిన ఆ బాలింత గురించని నాకు తెలిసింది. “ఇన్నేండ్లకు ఆ పేరు ఒకరికి చెప్పినా.”

మరుసటి ఏడే సరోజమ్మ పోయింది. ఓబుళమ్మను నేను చూడలేదు, ఆమె ఊరేదో కూడా తెలియదు. కానీ బాలింత ఎవరైనా మా గడప తొక్కితే ముందు ఆ పేరే మనసులో మెదులుతుంది. వచ్చినామె రెండు కాళ్లూ చూశాకే ముఖం చూస్తాను.