కార్బురేటరా, ఇంజెక్షనా: గాలికొండ తేల్చిన పంచాయితీ

పాత స్పోర్ట్స్ కారుతో అరకు ఘాట్ ఎక్కాలనుకునేవాళ్లు నన్ను తరచూ ఒకటే అడుగుతారు: ఇంజెక్షన్ పంపు పీకేసి కార్బురేటర్లు పెట్టించమంటారా అని. నాకు దీని జవాబు ఎనభైల మధ్యలో, ఒక వేసవి ఆదివారం దొరికింది. అప్పట్లో సీతమ్మధారలో మా ఇంటి ముందుగదిలోనే నాకు చిన్న క్లినిక్ ఉండేది. ఉక్కు ఫ్యాక్టరీ పనుల మీద వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు సొంత దేశం వెళ్లిపోతూ తన జర్మన్ కారు అమ్మకానికి పెట్టాడు. ఐదేళ్లు కూడబెట్టిన సొమ్మంతా పోసి కొనేశాను. రెండే తలుపులు, కిందికి వంగిన టాపు, కార్బురేటరు బదులు పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ పంపు, కాలు నొక్కితే వీపు సీటుకి అతుక్కుపోయేంత దూకుడు. డాక్టరమ్మకి ఇంజెక్షన్ కారే దొరికిందని ఊరంతా నవ్వుకున్నారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. సబ్బవరం పొలాల్లో ఎడ్లబండి తోలినదాన్ని, నాకు నచ్చిన బండి నేను కొనుక్కున్నాను.

మొదటిసారి ఘాట్ ఎక్కిన రోజే పరువు పోయింది. చదును రోడ్డు మీద దర్జాగా వెళ్లిన కారు ఘాట్ మధ్యలో డముకు దగ్గర మలుపులో దగ్గి దగ్గి ఆగిపోయింది. లారీకి తాడు కట్టించుకుని ఇల్లు చేరాను. మద్దిలపాలెంలో గరాజు నడిపే మా అక్క మొగుడు సన్యాసిరావు బావ మా ఇంటికొచ్చి బానెట్ ఎత్తాడు. ఒక్కో సిలిండరుకీ పెట్రోలు కొలిచి కొట్టే ఆ పంపునీ, దాని సన్నటి పైపుల్నీ చూసి మొహం చిట్లించాడు.

“ఇంజెక్షన్లు మనుసులకి పొడవాల గాని కార్లకేటి పద్మా! రెండు కార్బురేటర్లు పెట్టేత్తాను. ఏ ఊళ్లో ఆగిపోయినా ఏ మెకానిక్కైనా నోటితో ఊది బాగు సేసేత్తాడు.”

అందులో అబద్ధమేమీ లేదు. కానీ అవి కూర్చోవాలంటే ఇంజన్లోకి గాలి వెళ్లే గొట్టాన్ని కోయాలి. ఒకసారి కోస్తే ఇక అతకదు, ఆ కారు మళ్లీ ఆ కారు కాదు. మనసు ఒప్పుకోకపోయినా తలూపాను. బావ సుద్దముక్కతో గొట్టం మీద గీత గీసి, సోమవారం రంపంతో వస్తానని వెళ్లాడు.

శుక్రవారం సాయంత్రం చేతి కుట్లు తీయించుకోవడానికి నూకరాజు వచ్చాడు. ఫిషింగ్ హార్బర్లో బోట్ల డీజిల్ ఇంజన్లకి పంపులు బాగుచేసే మనిషి. వెళ్తూ వెళ్తూ తెరిచి ఉన్న బానెట్లోకి తొంగిచూసి పకపకా నవ్వాడు.

“ఇదేటి డాక్టరమ్మా! ఇది మా బోటు పంపుకి తమ్ముడు లాగుంది!”

పిల్లాణ్ణి చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఇంజెక్షన్ అంటే ఏదో విదేశీ మాయ అని కార్ల మెకానిక్కులందరూ చేతులెత్తేశారు. హార్బర్లో అలాంటి పంపులు రోజూ విప్పి బిగిస్తున్నారని మాలో ఒక్కరికీ తట్టలేదు.

శనివారం పొద్దున్నే కారు హార్బరుకి తీసుకెళ్లాను. నూకరాజు పంపు మీద చెయ్యి కూడా వెయ్యలేదు. టాంకీ అడుగు నుంచి పెట్రోలు ఒక గాజు సీసాలోకి పట్టి, కాసేపు కదలకుండా ఉంచాడు. అడుగున ఎర్రటి తుప్పు పేరుకుంది. ఆ ఇంజనీరు కారుని రెండేళ్లు బీచి పక్కన ఊరికే నిలబెట్టాడు. ఉప్పుగాలి టాంకీని తినేసింది, ఆ తుప్పు వచ్చి ఫిల్టర్లో అడ్డం పడింది. చదును మీద చాలినంత పెట్రోలు దిగుతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు చాలడం లేదు.

“బోటు నడిసంద్రంలో ఆగిపోతే తాడు కట్టి లాగడానికి లారీ రాదమ్మా,” అన్నాడు నూకరాజు. “అందుకే మేం ముందు టాంకీ సూత్తాం. పంపు జోలికి ఆకర్నే ఎల్తాం.”

సిగ్గుతో తల దించుకున్నాను. రక్తపరీక్ష కూడా చేయకుండా కాలు తీసేయడానికి ఒప్పుకున్న డాక్టర్లా చేశాను! అతను టాంకీ కడిగి, ఫిల్టరు మార్చి, డీజిల్‌కున్న జిడ్డు పెట్రోలుకి ఉండదు కాబట్టి పంపుకి విడిగా ఇంజన్ ఆయిల్ అందించే పైపు కూడా చూశాడు. సాయంత్రం సంగతి చెబితే బావ మాత్రం నమ్మలేదు.

“ఘాట్ పైన గాలికొండ దాకా మొరాయించకుండా ఎక్కితే ఆ గీత నానే సెరిపేత్తాను. మొరాయించిందా, సోమారం కోసీడమే. మాటేనా?”

“మాటే,” అన్నాను.

ఆదివారం ఐదున్నరకి బయల్దేరాం. బావ నా పక్క సీట్లో ఒళ్లో తాడు చుట్ట పెట్టుకుని మరీ కూర్చున్నాడు. వెనక ఇరుకులో నూకరాజు అడ్డంగా ఒదిగాడు. సింహాచలం, పెందుర్తి, కొత్తవలస దాటి ఏడింటికి శృంగవరపుకోట చేరాం. ఇక పైన బంకు లేదు కనుక అక్కడే టాంకీ నింపించాను, లీటరు ఎనిమిది రూపాయలకి దగ్గర్లో ఉండేది. పక్క పాకలో ఇడ్లీ ప్లేటు రూపాయిన్నర. వడ్డించే ఆవిడ నా చేతిలో తాళాలు చూసింది.

“నువ్వేనేటమ్మా తోలతన్నావ్? అయితే ఇంకో రెండేసుకో, కొండెక్కాల గదా!” అని అడక్కుండానే వేసేసింది.

ఘాట్ మొదలయ్యాక రెండో గేరులో కారు హాయిగా సాగింది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. ట్యాక్సీల కార్బురేటర్లు ఆ సంగతి తెలియక ఎప్పటంత పెట్రోలే పోస్తాయి, బళ్లు నల్లపొగ కక్కుతాయి. నా పంపుకి గాలి ఒత్తిడి చూసి పెట్రోలు తగ్గించే చిన్న డబ్బా ఉంది. ఇవన్నీ తెలిసినా డముకు మలుపు దగ్గరపడుతుంటే స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. సరిగ్గా అక్కడే ఒక ట్యాక్సీ బానెట్ ఎత్తి ఆగి ఉంది. డ్రైవరు ఇంజన్ మీద తడిగుడ్డ వేసి నిలబడ్డాడు. మా కార్లో బావని చూసి చేతులూపాడు.

“సన్నేసిబావా! నువ్వు మొన్న సరిసేసిన కార్బురేటరే! పెట్రోలు అందట్లేదు!”

బావ నావైపు తిరిగాడు. “ఇక్కడ ఆపితే యేడి ఇంజను మళ్లీ అందుకోదేమో. నీ ఇట్టం.”

ట్యాక్సీలోని ముసలమ్మ రోడ్డు పక్క రాయి మీద సొమ్మసిల్లినట్టు కూర్చుని ఉంది. అది చూశాక ఆపకుండా ఎలా వెళ్తాను? కారు ఆపి ఇంజన్ కట్టేశాను. ఆవిడకి నీళ్లు పట్టి నాడి చూశాను, భయం లేదు. బావ ఆలోపు కార్బురేటర్ విప్పి, నోటితో ఊది, ఇరవై నిమిషాల్లో ట్యాక్సీని లేపాడు. ఆ పనితనానికి మాత్రం దణ్ణం పెట్టాలి.

తర్వాత నా వంతు. ముగ్గురం మళ్లీ కార్లో కూర్చున్నాం. తాళం తిప్పానో లేదో, ఇంజన్ గర్జించింది.

“పట్టిందమ్మా!” అని నూకరాజు వెనక నుంచి నా సీటు మీద దబదబా బాదాడు. నేను కూడా గట్టిగా కేక పెట్టాను, డాక్టరమ్మ గాంభీర్యమంతా లోయలోకి పోయింది. అనంతగిరి కాఫీ తోటల మధ్య నుంచి ఒక్క దగ్గు కూడా లేకుండా ఎక్కి, తొమ్మిదిన్నరకి గాలికొండ మీద ఆగాం. నా జీవితంలో నేను అంత గర్వపడిన రోజులు చాలా తక్కువ.

బావ దిగి, బానెట్ ఎత్తి, తువ్వాలు తడిపి సుద్దగీతని శుభ్రంగా తుడిచేశాడు. తర్వాత తువ్వాలు పిండుకుంటూ నూకరాజు దగ్గరికి వెళ్లాడు.

“ఇరవయ్యేళ్లుగా కార్బురేటర్లు ఊదుతన్నాను. నాకా పంపు పని నేర్పుతావేటి?”

“రేపు సోమారం ఎలాగూ నీకు కాళీయే కదా బావా, హార్బరుకొచ్చీ!” అన్నాడు నూకరాజు.

తిరుగు ప్రయాణంలో బావ ఆ తాడు చుట్టని తలకింద పెట్టుకుని కొత్తవలస దాకా గుర్రు పెట్టాడు.

కార్బురేటర్లని నేను చిన్నచూపు చూడను. మీ ఊళ్లో పంపు తెలిసినవాళ్లు దొరక్కపోతే అవే మేలు, ఆ రోజు ఘాట్ మీద ట్యాక్సీని లేపింది బావ ఊపిరే. కానీ కారుతో పుట్టిన పంపు ఆరోగ్యంగా ఉంటే, ఎవరో భయపడ్డారని దాన్ని తీసేయకండి. తెలిసినవాళ్లు మీ ఊళ్లోనే ఉండొచ్చు, కార్ల గరాజులో కాకపోవచ్చు. ఘాట్‌కి బయల్దేరే ముందురోజు టాంకీ అడుగు నుంచి ఒక గాజు సీసాడు పెట్రోలు పట్టి, అరగంట కదలకుండా ఉంచి చూడండి. రంపం సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.