సినిమా అయ్యాక సంతకం

సౌదీలోని రాబిగ్ ఊరి శివార్లలో, కార్మికుల క్యాంపులో సినిమా హాలు ఊడ్చేదీ, ప్రొజెక్టరు నడిపేదీ భూమేషే. పదకొండేళ్ళు రిఫైనరీలో పరంజాలు కట్టిన మనిషి. మూడేళ్ళ కిందట పరంజా మీద నుంచి జారిపడి మోకాలు చెడితే కంపెనీ ఈ తేలిక పని ఇచ్చింది. ఇప్పుడు ఆ హాలును సామాన్ల గదిగా మార్చాలంటున్నారు. హాలు పోతే అతనికి మిగిలేది ఫైనల్ ఎగ్జిట్, అంటే వీసా రద్దై ఇంటిదారి పట్టడమే.

క్యాంపు బాసు అబ్దుల్ ఖాదర్‌ది కడప. ఒకరికి అన్యాయం చేయడు, ఒకరి కోసం అబద్ధం రాయడు.

"ఈ శుక్రవారం ఒక నవ్వుల సినిమా వెయ్యన్నా. జనం నవ్వినారంటే హాలు ఉండాలని కంపెనీకి రాస్తా. నవ్వకుంటే అదే రాస్తా."

క్యాంపులో ఆరు భాషల జనం. అందుకే మాటలు తక్కువున్న పాత ఫ్రెంచి హాస్యచిత్రం ఒకటి ఖాదరే తెచ్చాడు. నలుపు తెలుపుల బొమ్మ. లావుపాటి మనిషొకడు మేడకు రంగు వేయబోయి మాటిమాటికీ నిచ్చెన మీద నుంచి పడతాడు. కథంతా అంతే.

జుమా నమాజూ భోజనాలూ అయ్యాక అరవై మంది వచ్చారు. రంగులవాడు మొదటిసారి పడ్డాడు. ఎవరూ నవ్వలేదు. రెండోసారి డబ్బాతో సహా పడ్డాడు. ఏసీ చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు. వెనక వరుసలో నోటుబుక్కు పట్టుకుని కూర్చున్న ఖాదర్ వైపు చూడడానికి భూమేష్‌కు ధైర్యం చాలలేదు.

"వానికి సేఫ్టీ బెల్టు లేదు," అన్నాడు ముందు వరుసలోని రాము, మెల్లగా.

"నిచ్చెన కాళ్ళు కట్టలే. పట్టుకునేటోడు నిద్రపోతుండు," అన్నాడు పక్కనున్న మొండయ్య.

భూమేష్ ప్రొజెక్టరు దగ్గర నుంచి ముందుకొచ్చి, వంగి గొణిగాడు. "నవ్వుండ్రిరా. నవ్వే సినిమా ఇది."

"పడ్డోన్ని చూసి నవ్వుమంటవా, భూమన్నా? నువ్వు పడ్డనాడు మేం నవ్వినమా?" అన్నాడు మొండయ్య.

ఆనాడు అతణ్ణి మోసుకెళ్ళినవాళ్ళు ఆ ఇద్దరే. భూమేష్ మళ్ళీ వెళ్ళి ప్రొజెక్టరు పక్కన కూర్చున్నాడు.

బొమ్మ అయిపోగానే అందరూ లేచి ప్రొజెక్టరు బల్ల ముందు వరుస కట్టారు.

"షీటేదన్నా?" అన్నాడు రాము.

"ఏం షీటు?"

"సంతకాలది. సేఫ్టీ సినిమా అయినంక పెట్టాలె గద."

అప్పటికి గాని భూమేష్‌కు సంగతి బోధపడలేదు. ఆ హాలులో ఇన్నేళ్ళూ వేసినవన్నీ ప్రమాదాల పాఠాలే. తెర మీద మనిషి పడితే తప్పెక్కడుందో వెతకడం, చివర సంతకం పెట్టి పోవడం వాళ్ళకు అలవాటైపోయింది.

ఖాదర్ నోటుబుక్కులోంచి కాగితం చించి బల్ల మీద పెట్టాడు. సంతకం చేసిన ప్రతివాణ్ణీ, ఏం తప్పు చూశావని అడిగాడు. తర్వాత ఉన్నది ఉన్నట్టు రాశాడు: నవ్వినవారు లేరు, సంతకాలు అరవై, తప్పు సరిగ్గా చెప్పినవారు నలభై ఒక్కరు, హాలును శిక్షణకు ఉంచడం మంచిది.

హాలు నిలిచింది. భూమేషూ నిలిచాడు. కొత్తగా వచ్చినవాళ్ళకు ప్రతి నెలా ఆ సినిమానే వేస్తున్నారు. రంగులవాడు నిచ్చెన విడిచి గాలిలో ఉండగా భూమేష్ బొమ్మ ఆపాలి, తప్పేమిటో అడగాలి. జవాబు వచ్చాక కూడా అతను వెంటనే నడపడు. మోకాలు రుద్దుకుంటూ, ఆ లావుపాటి మనిషిని ఇంకాసేపు పడనివ్వకుండా అలాగే ఉంచుతాడు.