మెత్తటి బ్రేకుతో కోటప్పకొండకు

ఉదయం ఆరింటికి మాచర్లలో బయలుదేరాం. కారులో ముగ్గురం. నడిపేది మా ఆయన, పక్కన నేను, వెనక సీట్లో ఆయన అక్క, అంటే మా వదిన. మోకాళ్ల ఆపరేషన్ బాగా జరిగితే కోటప్పకొండకు వస్తానని వదిన మొక్కుకుంది. మెట్లెక్కలేదు కాబట్టి కారు. కొండదారి దిగాలంటే బ్రేకులు బాగుండాలి కాబట్టి, మా ఆయన ముందురోజు ఫోనులో వీడియో చూసి తన చేత్తోనే ప్యాడ్లు మార్చారు.

కొత్త ప్యాడ్లు పడ్డాయి, పెడల్ మాత్రం మెత్తబడింది. కాలు పెడితే నేలదాకా పోతోంది. గొట్టాల్లో గాలి చేరిందని, అది తీయాలంటే ఇద్దరు కావాలని వీడియోలో చెప్పారట. ఒకరు చక్రం దగ్గర నట్టు తెరిచి బిగించాలి, ఇంకొకరు పెడల్ తొక్కి పట్టాలి. సీట్లో నన్ను కూర్చోబెట్టారు. గంటసేపు ఆయన తొక్కమంటే తొక్కాను, వదలమంటే వదిలాను. చివరికి మునుపటికన్నా మెత్తగా తయారైంది.

"రెండుసార్లు తొక్కితే పట్టుద్దిలే" అని తేల్చేశారు.

గురజాల దాకా రోడ్డు ఖాళీ. పిడుగురాళ్ల దగ్గర మా ముందు సున్నం లారీ ఆగింది. ఆయన తొక్కారు, కారు ఆగలేదు. మళ్లీ తొక్కారు. జానెడు దూరంలో ఆగాం.

"అంతా స్వామి దయ" అంది వదిన.

ఇంకా కొండ ఎక్కనే లేదు, అప్పుడే స్వామికి పని పెట్టాం.

తొమ్మిది కావస్తుండగా నరసరావుపేటలో టిఫిన్‌కి ఆగాం. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీలో కారం దండిగా ఉంది. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, కనిపించిన బోర్డల్లా చదువుతాను. ఎదురుగా రేకుల షెడ్డు మీద 'బ్రేకుల పనులు చేయబడును' అని ఉంది. పైకే చదివాను. మా ఆయన ఇడ్లీ తింటున్నారు. మళ్లీ చదివాను. కారు ఆ షెడ్డులోకి పోకపోతే నేనూ వదినా కొండకు బస్సులో పోతామని చెప్పాను.

షెడ్డు మస్తాన్‌ది. గడ్డం నెరిసిన మనిషి. పెడల్‌ని చేత్తో నొక్కి చూసి, గాలి తీసేటప్పుడు దీని మీద ఎవరున్నారని అడిగాడు.

"మా ఆవిడ" అన్నారు ఆయన, అడగడమే ఆలస్యమన్నట్టు.

"ఏమే, కాలు సరిగ్గా పెట్టలేదా ఏంది?" అంది వదిన.

మస్తాన్ నన్ను సీట్లో కూర్చోమని, స్పానర్ మా ఆయన చేతికిచ్చి, నిన్న చేసినట్టే చెయ్యమన్నాడు. ఆయన నట్టు తెరిచి తొక్కమన్నారు, తొక్కాను. వదలమన్నారు, వదిలాను. ఆ తర్వాత తీరిగ్గా నట్టు బిగించబోతుంటే మస్తాన్ చెయ్యి పట్టుకున్నాడు.

"బిగించాక గదయ్యా వదలమనేది. తెరిచి పెట్టి వదిలిస్తే బయటి గాలంతా లోపలికి లాగుద్ది. అమ్మ నువ్వు చెప్పినట్టే చేసింది, అదే వచ్చిన తంటా."

ముప్పై ఏళ్ల కాపురంలో, చెప్పినట్టు చెయ్యడం వల్ల ఇబ్బంది ఉందని నాకు చెప్పిన మొదటి మనిషి అతనే.

బ్రేకు నూనె నింపి, నట్టుకు సన్నటి గొట్టం తగిలించి, కొసను సీసాలో ముంచాడు మస్తాన్. ఈసారి నేను తొక్కి పట్టి, "బిగించావా?" అని అడిగి, అతను బిగించానంటేనే వదిలాను. సీసాలో బుడగలు వచ్చాయి, తగ్గాయి, ఆగిపోయాయి. నాలుగు చక్రాలకు గంట పట్టింది. నా కాలి కింద పెడల్ రాయిలా నిలబడింది. మా ఆయన ఆ గంటా షెడ్డు బయట ఫోను చూసుకున్నారు.

వదిన చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాకే కొండ ఎక్కాం. దర్శనం బాగా అయింది. దిగేటప్పుడు మొదటి మలుపులో ఆయన అలవాటుగా రెండోసారి తొక్కబోయారు. మొదటిసారికే కారు ఆగి ఉంది. మీరెవరైనా ఇంట్లో ఈ పనికి కూర్చుంటే, బిగించారో లేదో అడగకుండా కాలు తీయొద్దు.

తిరుగు దారిలో పిడుగురాళ్ల దగ్గర మళ్లీ లారీ ఆగింది. మేమూ ఆగాం, మూరలు మూరలు దూరం మిగుల్చుకుని. వదిన ముందుకు వంగి ఆయన భుజం తట్టింది.

"ఎంత గట్టిగా పట్టిందిరా తమ్ముడూ. నీ చేతి పనంటే పనే."

ఆయన కాదనలేదు. నేను నా కుడికాలు ముందుకు చాపుకుని, పాదం మెల్లగా ఒత్తుకుంటూ కూర్చున్నాను.