ముఖం చెక్కిన గిలక

మొన్న మ్యూజియంలో ముఖం చెక్కిన చెక్క గిలక ఒకటి కనబడగానే సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

అందరి నాన్నలూ సాఫ్ట్‌వేరులో చేరుతున్న రోజులవి. దేశం దాటి వచ్చి మేముంటున్న క్లెమెంటి ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్న ఐవరీ కోస్ట్ అంకుల్ ఒక చెక్క గిలక నా చేతిలో పెట్టారు. దానిమీద ఆడమనిషి ముఖం నున్నగా చెక్కి ఉంది. నేను ఆడుకునే బొమ్మనుకున్నాను.

"మా తాత మగ్గానిది. రోజంతా ఈ ముఖం చూస్తూ నేసేవాడు. మరి మీ తాతగారు ఏం చేస్తారు?" అని ఇంగ్లీషులో అడిగారు.

చీరాలలో మా తాత మగ్గం చప్పుడు గుర్తుకొచ్చింది. క్లాసులో పిల్లల తాతలంతా ఆఫీసర్లు మరి. "ఇంజనీర్, అంకుల్," అన్నాను.

పక్కనున్న నాన్న దిద్దుతారని బిక్కచచ్చిపోయాను. ఆయన గిలక అందుకుని, తాడు ఒరిపిడికి పడిన గాడిలో బొటనవేలు ఆనించి, అచ్చం తాతలాగే తిప్పి చూశారు. "అవును, ఇంజనీరే," అన్నారు.

అంకుల్ ఆ వేలినే చూస్తూ తలూపారు. నేను మాత్రం ఆయన నమ్మేశారనుకుని పొంగిపోయాను.