మూత తీయని సీసా

రాయదుర్గంలో మా ఆఫీసులో టీ పోసే పెద్దావిడ, కేకు ముక్క ఇచ్చినా సరే, "మీకున్నదా సార్?" అని అడిగాకే చేయి చాపేది.

తోటి ఉద్యోగి ఒకడు అంటగట్టిన నోని పండు సారం సీసా నా డ్రాయర్లో మూత తీయకుండానే పడి ఉండేది. దాని మీద నాకే నమ్మకం లేదు. వదిలించుకుందామని, "షుగరుకు మంచిదటమ్మా, తీసుకో" అని ఆమెకిచ్చాను.

"మీకున్నదా సార్?"

"ఉంది. నేను రోజూ తాగుతాను."

ఆమె షుగరు మాత్రలు మానేసి అదే తాగింది. కళ్లు తిరిగి పడిపోయి, వారం ఆసుపత్రిలో ఉండి వచ్చింది. నేను తలెత్తలేకపోయాను. ఆమె నా ముందు టీ పెట్టి, మెల్లగా అంది.

"దవాఖానల ఉన్నన్ని దినాలు మీ ఫికరే సార్. ఇగ మీరు అది తాగకుండ్రి."