పడ్డ గోడను మళ్ళీ పడగొట్టిన రోజు

గోడ బాగా కట్టినందుకు చీవాట్లు తిన్న మేస్త్రీని ఎప్పుడైనా చూశారా? లేకపోతే నన్ను చూడండి. మర్నాడు విమానం ఎక్కాల్సినవాణ్ణి, రెండేళ్ళకు దొరికిన సెలవును నా చేతులారా రాళ్ళ కింద పూడ్చిపెట్టుకోబోయాను.

అప్పట్లో నాకు ఒమాన్‌లోని నిజ్వాలో పని. అక్కడ నర్సుగా చేసే సువార్తక్కది భీమవరం. శుక్రవారం వస్తే మన తెలుగువాళ్ళందరినీ పోగేసి ఎక్కడికో ఒకచోటికి నడిపించేది. ఆ వారం గుట్ట మీది పాత సమాధులకు. వేల ఏళ్ళ కిందట రాయి మీద రాయి పేర్చి గుండ్రంగా కట్టినవి. కింద కాపలా ఉన్న ముసలాయన ఒక్క రాయి కూడా కదపకూడదని చెప్పి, హామీగా ఒకరి బతాకా తన దగ్గర పెట్టమన్నాడు. బతాకా అంటే మా గుర్తింపు కార్డు. అది లేకుండా నేను విమానం ఎక్కలేను. అయినా పెద్దమనిషిలా నాదే తీసి ఇచ్చాను.

పైన ఒకటే గాలి. నా రూమ్‌మేట్ లింబన్న టోపీ ఎగిరి లోయలో పడింది. ఫ్లాస్కులోంచి టీ వంచితే గ్లాసులో తప్ప అందరి చొక్కాల మీదా పడుతోంది. చూస్తే పక్కనే ఒక సమాధి గోడ సగం కూలి ఉంది. మేస్త్రీ చెయ్యి ఊరుకుంటుందా, మీరే చెప్పండి.

"లింబన్నా, రాళ్ళందియ్యి. జర లేపితే గాలి ఆగుతది."

"ముట్టద్దన్నడు గదనే!"

"కదపద్దన్నడు. నేను కడ్తున్న. కదుపుడు వేరు, కట్టుడు వేరు."

ఈ తెలివికి లింబన్న కూడా పడిపోయాడు. అవతల ఫోటోలు తీస్తున్న సువార్తక్క తిరిగొచ్చేసరికి గోడ నా ఛాతీ దాకా లేచింది.

"ఏంటి గంగన్నా ఇది!" అంది.

మెచ్చుకుంటోందనుకున్నాను. "సిమెంటు లేకుండ కట్టినక్కా. తోసి చూడు, కదల్దు."

అంతలో ముసలాయన పైకొచ్చాడు. గోడ చుట్టూ ఒకసారి తిరిగి, "కిస్నే కియా?" అన్నాడు, ఎవరు చేశారని.

"మైనే!" నేనే అన్నాను, బక్షీసు ఇస్తాడేమోనన్న ఆశతో.

ఆయన హిందీలో నెమ్మదిగా చెప్పాడు. "మా తాత చిన్నప్పుడు కూడా ఇది ఇలాగే పడి ఉంది. ఎలా పడి ఉందో అలాగే పడెయ్. అప్పుడే నీ బతాకా."

ఏ రాయి ఎక్కడ పడి ఉందో ఎవరికి గుర్తు? సువార్తక్క ఫోనే దిక్కయింది. రాగానే అన్నిటికీ ఫోటోలు తీసిందట, తల్లి!

"ఆ తెల్లరాయి ఎడం పక్కకండీ. అబ్బా, నిలబెట్టకండి! వాలిపోయి ఉండాలి, వాలిపోయి!"

కట్టడానికి గంట పట్టింది, పడగొట్టడానికి మూడు గంటలు. ఇరవై ఏళ్ళుగా తిన్నగా కట్టిన చేతులకు వంకరగా పెట్టడం రాదని ఆ రోజే తెలిసింది. చివరికి ముసలాయన ఫోటోతో పోల్చి చూసి, ఒక రాయిని కాలితో తనే కాస్త జరిపి, బతాకాతో పాటు ఖర్జూరాలు కూడా చేతిలో పెట్టాడు. ఏడుపొచ్చినంత పనైంది.

ఇక ఈ జన్మలో కూలిన గోడ వయసు కనుక్కోకుండా రాయి ముట్టనని, తాపీ మీద ఒట్టేశాను. ఇంటికి చేరగానే మా ఆవిడ పడిపోయిన పెరటి గోడ చూపించింది.

"ఎన్నేండ్లయింది ఇది పడి?" అన్నాను.

"మొన్నటి వానకే."

"అట్లయితే కడ్త. ముందుగాల ఫోటో తియ్యి."